తగినంత

ఈ ఊరి పేరు బ్రోకెన్ హిల్.
వీధులన్నిటికీ ఖనిజాల పేర్లు.
ఆర్జెంట్ వీధిలో కాఫీ తాగి
బ్రోమైడ్ వీధిలో నిద్రపోతాను.
కొంచెం అవతల అయొడైడ్ వీధి.
వెండి, బ్రోమైడ్, అయొడైడ్:
పాత ఎక్స్‌రే ఫిల్ము మీది పూతని గీకి
ఎవరో చిరునామాలుగా ఆరబెట్టినట్టు.

ఆ ఫిల్ముకి నోరాగేది కాదు.
కిరణం ఎక్కువైతే నల్లగా మాడిపోయి
నా తప్పుని డాక్టరు ముందు పెట్టేది.
ఇప్పటి డిజిటల్ పలక మహా మంచిది.
నాలుగింతలు పోసినా
నున్నటి బొమ్మ చేతికిస్తుంది,
ఎవరితోనూ చెప్పదు.
దాని మంచితనమంటేనే నాకు భయం.

ఇవాళ బయట నలభై రెండు డిగ్రీలు.
టెగన్ వచ్చింది. పదమూడేళ్ళు.
గోడ అవతలి మాటేదో వింటున్నట్టు
వెన్ను ఒక పక్కకి ఒగ్గింది.
ఆర్నెల్లకోసారి వస్తుంది, ఇది ఆరోసారి,
ఎముకలు ఎదగడం మానేదాకా ఇంకెన్నో.
ఒక్కోటీ చిన్నదే.
చిల్లరా అంతే, డబ్బా ఎత్తి చూసేదాకా.

వెంట తాత మెర్విన్,
ముప్ఫై ఏళ్ళు గనిలో సీసం తవ్వినవాడు.
గోడకున్న సీసపు ఆప్రాన్‌ని అరచేత్తో తూచి
"ఇందులో నాది ఎంతుందో" అన్నాడు.
అతని చిన్నప్పుడు ఆ దుమ్ము ఇంట్లోకి రాకుండా
వాళ్ళమ్మ గడపలో తడిగుడ్డ పరిచేదట.
రోజూ సాయంత్రం పిండితే
బకెట్లో నీళ్ళు బూడిదరంగు.

టెగన్ గొట్టం వైపు మొహం పెట్టి నిలబడింది.
"అటు తిరుగమ్మా, వీపు నా వైపు."
ఎదుగుతున్న ఎదని కాదు,
వీపుని ముందు తాకాలి కిరణం.
వెలుతురు చట్రం రెక్కల్ని
రెండు పక్కలా వేలెడు వేలెడు లోపలికి జరిపాను.
రాగిరేకు అడ్డం పెట్టాను.
పలక దాకా నడవలేక చర్మంలోనే కూలబడే
నీరసపు కిరణాలు అక్కడే రాలిపోవాలి.
వోల్టేజి కాస్త పైకి,
మిల్లీయాంపులు బాగా కిందికి.

పిండి కొద్దీ రొట్టె అంటారు.
కాదనను. ఆకలెంతో కూడా అడగాలి కదా.
ఈ బొమ్మని అడిగేది ఒకటే: ఎన్ని డిగ్రీల వంపు?
ఎముక లోపలి అల్లిక ఎవరిక్కావాలి ఇవాళ?

అడిలైడ్ నుంచి డాక్టర్ పాస్కో రాశాడు:
"బొమ్మ గరుకుగా ఉంది."
ఉంది. బొంబాయి రవ్వ చల్లినట్టే ఉంది.
"వంపు కొలవగలరా?" అని రాశాను.
పది నిమిషాలకి జవాబు: ఇరవై మూడు.
ఇంకో నిమిషానికి:
మళ్ళీ కొలిచాను. ఇరవై మూడే.

నన్ను నేను మెచ్చుకునేలోపు
మార్చి నెల గుర్తొస్తుంది.
ఏడు నెలల పసివాడు, దగ్గు.
మరీ పిసినారితనం చేశాను.
ఆ మచ్చ ఊపిరితిత్తిలోదో, నేను చేసిన మసకదో
ఎవరూ తేల్చలేకపోయారు.
మళ్ళీ తియ్యాల్సొచ్చింది.
గుక్కపట్టినవాణ్ణి వాళ్ళమ్మ మళ్ళీ అదిమి పట్టుకుంది.
మిగిల్చాననుకున్నదానికన్నా
ఎక్కువే పోసినట్టయింది.
ఆ తల్లి థాంక్స్ చెప్పి వెళ్ళింది కూడా.

కన్సోల్ పక్కన నా పెన్సిల్ పట్టికలో,
బరువు, మందం, అంకెలు అన్నీ అయ్యాక
చివరి గడిలో తెలుగులో ఒక మాటుంటుంది.
బ్రొన్విన్ అదేంటని అడిగింది.
మా వంటల పుస్తకాల్లో ఉప్పు పక్కన రాసే మాట, అన్నాను.
"అంటే ఎన్ని గ్రాములు?"
అది రాయరు. చేతికి తెలియాలి.
"తెలిసేదాకా?"
నేను ఏడు నెలల పసివాడి సంగతి చెప్పాను.

టెగన్ బట్టలు మార్చుకుని వచ్చి
"అంతేనా? నాకేం తెలియనే లేదు" అంది.
తెలియదు. అదే చిక్కు.

మెర్విన్ ఆప్రాన్‌ని మడవకుండా,
భుజాల దగ్గర పట్టుకుని,
నిద్రపోయిన పిల్లని మంచానికి చేర్చినట్టు
కొక్కేనికి తగిలించాడు.
మడత పడితే లోపల సీసం చిట్లుతుందని
అతనికి నేను చెప్పక్కర్లేకపోయింది.